లక్ష్మీనరసమ్మ చదివిన దుప్పటి

పాతపాళ్యకు పిల్లను చూడ్డానికి వచ్చిన ఏ పెళ్ళికొడుకూ అదే రోజు సాయంకాలం బస్సెక్కి వెనక్కి పోయిన దాఖలా లేదు. బస్సు తప్పేమీ లేదు, అది వేళకే వచ్చేది. ఆ వేళకు పెళ్ళికొడుకు మాత్రం విస్తరి ముందు ఇరుక్కుపోయి ఉండేవాడు. పాయసం అయిందనుకుంటే ఒబ్బట్టు వచ్చేది, ఒబ్బట్టు అయిందనుకుంటే దాని మీదికి నెయ్యి వచ్చేది. చింతామణి బస్సు ఊరి బయట రెండుసార్లు హారన్ కొట్టి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాక ఇంటిపెద్ద తల పట్టుకుని, "అయ్యయ్యో, బస్సు పోయిందే! ఈ రాత్రికి ఈడనే పడుకోండప్పా, పొద్దున్నే పోదురు" అనేవాడు. అలా నొచ్చుకోవడంలో ఊరంతా ఆరితేరిపోయింది.

ఇదంతా లక్ష్మీనరసమ్మ చేయించిన ఏర్పాటు. సరిగ్గా చెప్పాలంటే, లక్ష్మీనరసమ్మ పెట్టెలో ఉన్న దుప్పటి కోసం జరిగే ఏర్పాటు.

కంబళి లేని ఇల్లు ఊళ్ళో లేదు. బొంత లేని ఇల్లూ లేదు. కానీ పెద్దమనిషిని పడుకోబెట్టడానికి తగిన తెల్లటి సన్ననూలు దుప్పటి మాత్రం, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం వచ్చినా ఊరు మొత్తానికి ఒక్కటే ఉండేది. అది రైతు చెన్నరాయప్ప భార్య లక్ష్మీనరసమ్మది. కొన్నది కాదు. ఆమెకు పదమూడేళ్ళప్పుడు చింతామణి దగ్గర పుట్టింట్లో తండ్రి వెంకటరాయప్పకు రాట్నం పిచ్చి పట్టుకుంది. ఆ రోజుల్లో చాలామందికి పట్టింది, చాలామందికి ఆర్నెల్లలో వదిలింది. వెంకటరాయప్పకూ వదిలింది గానీ పక్కన కూర్చున్న కూతురికి వదల్లేదు. మూడేళ్ళు వడికింది. మగ్గం వెడల్పు చాలక నేతగాడు రెండు పన్నాలుగా నేసి ఇస్తే, ఆ రెంటినీ తనే మధ్యలో అతుకు వేసి కుట్టుకుంది. ఆ అతుకు గీత గీసినట్టు నేరుగా ఉంటుంది. కావాలంటే వచ్చి చూసుకోమని ఆమె ఎవరితోనైనా పందెం వేసేది.

అలాంటి దుప్పటిని చాకలికి వేస్తారా? చాకలి గోపాలప్ప ఇంటిల్లిపాది బట్టలూ మూటకట్టుకుని, ఆ పెట్టె వంక చూసి నిట్టూర్చేవాడు.

"అమ్మా, ఊరి బట్టలన్నీ నా బండ మీదనే తెల్లబడతాండాయి. నీ దుప్పటికి నా బండ ఏం పాపం చేసింది?"

"నీ బండ ఏమీ చెయ్యలేదు గోపాలప్పా. నువ్వు దాని మీద కొట్టే దెబ్బ ఉండాదే, అది చేస్తుంది. మూడేండ్లు వడికిన నూలు మూడు దెబ్బలకు పోతుంది."

దుప్పటి ఉతికే రోజు ఆ ఇంట్లో పండగ రోజు లాంటిది, తిండి మాత్రం ఉండదు. ఊరి పక్క ఉప్పుబావి నీళ్ళు పనికిరావు, దూరాన మంచినీళ్ళ బావి నుంచి ఎనిమిది బిందెలు రావాలి. కుంకుడుకాయలు రాత్రే నానేసి, పొద్దున పిసికి, ఆ నురుగును రెండుసార్లు వడకట్టాలి. తొక్క ముక్క ఒక్కటి మిగిలినా మరక పడుతుంది. పెద్ద ఇత్తడి గంగాళంలో దుప్పటిని ముంచి చంటిబిడ్డకు నీళ్ళు పోసినట్టు అరచేత్తో అదమాలే గానీ రుద్దకూడదు, పిండకూడదు. మూడు నీళ్ళు మార్చాక చివరి నీళ్ళలో చిటికెడు నీలి. ఆ తర్వాత గంజి. ఆ గంజి బియ్యానిదే కావాలి. రాగిముద్ద తినే ఊళ్ళో బియ్యం గంజి దొరకడమే గగనం, అందుకని చుట్టాలకు అన్నం వండిన రోజే దుప్పటికీ గంజి పెట్టే యోగం పట్టేది. ఆరేసే తాడుకు ముందు పాత పంచె చుట్టాలి, లేకుంటే కొబ్బరినార మరక. ఎండలో వేయకూడదు, చిక్కుడు పందిరి నీడలో వేయాలి. చెమ్మ ఇంకా ఉండగానే తల్లీ కూతుళ్ళు ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగి మడవాలి. మడతల మధ్య వట్టివేరు, ఆ పైన పెట్టె మూత.

దుప్పటి తెల్లదనం వల్ల ఆమెకు పేరొచ్చిందనుకుంటే పొరపాటు. పేరు వచ్చింది చదవడం వల్ల. లక్ష్మీనరసమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఒక రాత్రి మనిషి పడుకుని లేచిన దుప్పటిని నీళ్ళు తగలకముందు ఆమె ముందు పరిస్తే, ఆ మనిషి జాతకం చెప్పేసేది. పెళ్ళికొడుకు ఎవరింటికి వచ్చినా దుప్పటి అక్కడికి ఎరువు పోయేది, పొద్దున్నే వెనక్కి వచ్చేది. ఆమె చూసి తల ఊపితే సంబంధం ఖాయం. పెదవి విరిస్తే పిల్లకు హఠాత్తుగా మేనమామ కొడుకు గుర్తుకొచ్చేవాడు.

కాళ్ళ దగ్గర ముద్దగా తొక్కి పెట్టుంటే ముక్కుమీద కోపం. దిండు దగ్గర చారెడు నూనె మరకుంటే సోకులరాయుడు. పక్కింటి చౌడమ్మ అల్లుడి విషయంలో నూనె మరక చూసి వద్దని నెత్తీ నోరూ బాదుకుంది. వాళ్ళు వినలేదు. ఆ అల్లుడు రెండో ఏడే నాటకాల కంపెనీ వెంట హిందూపురం పోయి, మూడేళ్ళకు మీసాలు తీసేసుకుని తిరిగొచ్చాడు. అప్పట్నుంచి చౌడమ్మ గొంగళిపురుగును చూసినా లక్ష్మీనరసమ్మ అభిప్రాయం అడిగేది. బడి ఇన్‌స్పెక్టరు ఒకాయన ఊళ్ళో పడుకున్నప్పుడు దుప్పటి వేపనూనె వాసన కొడితే, "పాపం, పెద్ద ఉద్యోగమే గానీ వీపు గోకేవాళ్ళు ల్యారు" అంది. మరుసటి నెల ఆయనకు పెళ్ళి సంబంధం చూసిపెట్టింది కూడా. చెప్పింది జరగని సందర్భాలు లేకపోలేదు. వాటిని ఊరు మరిచిపోయింది, ఊరికంటే ముందు ఆమే మరిచిపోయింది.

ఇన్ని తలలు వాలిన ఆ దుప్పటి మీద ఒక్క రాత్రి కూడా పడుకోని మగవాడు ఊళ్ళో ఒకడున్నాడు. ఆయన చెన్నరాయప్ప. పెళ్ళైన కొత్తలో ఒకసారి చేనునుంచి నేరుగా వచ్చి, ఎర్రమట్టి కాళ్ళతో దాని మీద కూర్చోబోయాడు. లక్ష్మీనరసమ్మ పెట్టిన కేక బాగేపల్లి దాకా వినపడిందని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ దాని జోలికి పోలేదు. మంచం అవతల కంబళి మీద ఆయన, చాప మీద ఆమె, పెట్టెలో దుప్పటి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరి చోట వాళ్ళు సుఖంగానే ఉన్నారు.

అలా రోజులు గడుస్తుండగా వాళ్ళ కూతురు మునిరత్నమ్మను చూడ్డానికి జంగమకోటె నుంచి వెంకటేశప్ప వచ్చాడు. వెంట తండ్రి రామప్ప. పట్టుపురుగులు పెంచే ఇల్లు, వాటి మేతకు నాలుగెకరాల హిప్పునేర్ళె, అదే మల్బరీ తోట. తల్లి పోయి ఆరేళ్ళైంది, ఇంట్లో ఇద్దరే మగవాళ్ళు. పిల్లవాడు తక్కువ మాటాడాడు, పళ్ళు తెల్లగా ఉన్నాయి, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పట్టుపురుగుకు వాసన పడదట, అందుకని పొగాకూ, ఆకూవక్కా, తలనూనె ఏదీ ముట్టడట. లక్ష్మీనరసమ్మ ఈ మాటలన్నీ విని మూడో ఒబ్బట్టు వడ్డించింది. మునిరత్నమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని వసారాలోకి ఆరుసార్లు పోయింది. అక్కడ దాహంగా ఉన్నవాళ్ళు ఇద్దరే.

బస్సు ఎప్పట్లాగే పోయింది. వసారాలో పట్టెమంచం వేసి, బూరుగుదూది పరుపు పరిచి, దాని మీద తన దుప్పటిని లక్ష్మీనరసమ్మ స్వయంగా సాపు చేసింది. ఇన్నాళ్ళూ ఊరి పిల్లల కోసం చదివింది, ఇప్పుడు తన పిల్ల కోసం చదవాలి. ఉన్న ఒక్క బిడ్డ. తప్పు చదివితే దిద్దుకునేందుకు ఇంకొకతె లేదు. పెద్దాయన రామప్పకు కింద చాప, దాని మీద మెత్తదనానికి గోనెపట్ట వేయించి, "పొద్దున తొమ్మిది గంటల బస్సు లోపల మా మాట చెప్తాం" అని లోపలికి పోయింది.

వంటపని అలుపో, గుండె బరువో, ఆమె ఎన్నడూ లేనిది ఆ పొద్దు ఆలస్యంగా లేచింది. కళ్ళు నులుముకుంటూ వసారాలోకి వచ్చి చూస్తే మంచం మీద పరుపే ఉంది, దుప్పటి లేదు.

పెరట్లోకి పరుగెత్తింది. చిక్కుడు పందిరి కింద, తాడు మీద దుప్పటి నీళ్ళు కారుతూ వేలాడుతోంది. ఉతికేశారు! అంతేనా అంటే అంతే కాదు. తెల్లగా ఉండాల్సిన దుప్పటి వానాకాలపు చెరువునీళ్ళ రంగులో ఉంది. లక్ష్మీనరసమ్మ ఒక అంచును వేళ్ళ మధ్య నలిపి, నాలుక కొసన పెట్టి చూసింది. ఒళ్ళంతా మండిపోయింది.

రాగులు! ఆమె మూడేళ్ళు వడికిన నూలుకు ఎవరో రాగి అంబలితో గంజి పెట్టారు.

"ఏమయ్యా! నువ్వు ముందు లోపలికి రా!" అని చెన్నరాయప్పను వంటింట్లోకి ఈడ్చుకుపోయింది. "ఆ పిల్లోడు దుప్పటి ఉతికేసినాడయ్యా. వచ్చిన చుట్టం పొద్దున్నే లేచి దుప్పటి ఉతుకుతాడా యాడన్నా?"

"శుభ్రమైన పిల్లోడనుకోరాదా."

"శుభ్రమైనోడు దులిపి మడిచి పెడతాడు. ఉతికినాడంటే దాచేది ఏమో ఉండాది. ఏముండాదో చెప్పు. రాత్రిళ్ళు పక్క తడుపుతాడేమో! పక్క తడిపే మొగోనికి నా బిడ్డను ఇస్తానా?"

చెన్నరాయప్పకు నవ్వాగలేదు. "ఇరవై ఐదేండ్లోడు పక్క తడుపుతాడా?"

"నీకేం తెల్సు? నేను ఎంతమందివి చూసినాను! ఈ సంబంధం వద్దు. బస్సు రాకముందే చెప్పి పంపీయ్."

పొయ్యి దగ్గర మునిరత్నమ్మ ఉప్మా కలుపుతోంది. ఆ మాటతో గరిటె ఆగిపోయింది. మామూలుగా అమ్మకు ఎదురు చెప్పే పిల్లే, ఆ రోజు మాత్రం నోరు విప్పలేదు. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండాయి. చెన్నరాయప్ప కూతురి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, బీడీ వెతుక్కుంటూ పెరట్లోకి తప్పుకున్నాడు.

"ఎందుకే ఏడుస్తావు?" అంది లక్ష్మీనరసమ్మ. "చదివేదానికి నాకు దుప్పట్లో ఏమీ మిగల్లేదే. చూడకుండా నిన్ను యాడని పంపీను?"

మునిరత్నమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "చూడకుండానే వద్దంటాండావు గదమ్మా. ఉతికిన గుడ్డ గుడ్డ కాదా? అంత చదివేదానివి దాన్నీ చదువు."

ఆ మాట లక్ష్మీనరసమ్మకు సూటిగా తగిలింది. ఆమె విద్యను ఇంతవరకు ఎవరూ సవాలు చేయలేదు. కొంగు బిగించి మళ్ళీ పెరట్లోకి నడిచింది.

ఈసారి తిట్టుకోకుండా చూసింది. మొట్టమొదట కనపడింది తాడు. తాడుకు పాత పంచె చుట్టి ఉంది. జంగమకోటె పిల్లవాడికి ఈ ఇంట్లో పాత పంచె ఎక్కడుంటుందో ఎలా తెలుసు? దుప్పటి పిండిన ఆనవాలు లేదు, నీళ్ళు వాటంతట అవి కారనిచ్చారు. గంగాళం పక్కన వడకట్టిన కుంకుడుతొక్కలు, అవీ రెండుసార్లు వడకట్టినవి. ఇంత పద్ధతిగా ఉతకడం భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకతె నిద్రపోయింది. రెండోది ఇప్పుడు వంటింట్లో ఉప్మా మాడుస్తోంది.

'ఓహో,' అనుకుంది లక్ష్మీనరసమ్మ. 'అయితే గంజి ఇచ్చిందీ ఇదే.' పొయ్యి పక్కన రెండు కుండలు. ఒకదాంట్లో చుట్టాల అన్నం గంజి, ఒకదాంట్లో పొద్దుటి అంబలి తేట. తెల్లవారుజామున మసక చీకటి. చెయ్యి తప్పు కుండలోకి పోయింది. చెయ్యి తప్పిందంటే మనసు గంజి మీద లేదన్నమాట. అది ఎవరి మీద ఉందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అయినా ఎందుకు ఉతికినట్టు? ఆమె దుప్పటిని జానెడు జానెడుగా పట్టుకుని వెలుతురుకు చూసింది. తలవైపు కొసన, అరచెయ్యంత మేర, నూలు కొంచెం నూగు లేచి ఉంది. అక్కడ మాత్రం ఎవరో రుద్దారు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లమజ్జిగ. పుల్లమజ్జిగతో రుద్దేది ఒకే ఒక్క మరక, ఆకూవక్కది. కానీ ఆ పిల్లవాడు ఆకు ముట్టడు, పళ్ళు తనే చూసింది.

ఆమె గోడ మీదుగా వసారాలోకి తొంగి చూసింది. వెంకటేశప్ప స్తంభానికి ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. జుట్టులో పసుపుపచ్చటి గోనెనార పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. మూలన మడిచిపెట్టిన గోనెపట్ట. పక్కన రామప్ప. నిన్న సాయంకాలం ఆ పెద్దాయన దవడ ఒక్క క్షణం ఊరుకోలేదు. ఇవాళ నోరు గట్టిగా మూసుకుని, ఆకుల సంచి తొడ కింద దాచుకుని, దెబ్బ తిన్న బడిపిల్లవాడిలా కూర్చున్నాడు.

లక్ష్మీనరసమ్మకు మొత్తం తెలిసిపోయింది. కొడుకు పరుపు తండ్రికి ఇచ్చి, తను గోనెపట్ట మీద పడుకున్నాడు. తండ్రి నోట్లో ఆకుతోనే నిద్రపోయాడు. పొద్దున మరక చూసి కొడుకు బిత్తరపోయాడు. తండ్రి మర్యాద పోతుందని, ఎవరూ లేవకముందే ఉతకబోయాడు. గంగాళం కోసం తడుముకుంటుంటే మునిరత్నమ్మ లేచొచ్చింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకుని ఉంటాడు. సంబంధం చెడిపోతున్నా ఇది నోరు విప్పలేదు, మాట నిలబెట్టుకుంది. కాబోయే మామగారి పరువు కోసం నా బిడ్డ పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది.

కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. రంగు చెడిన ఆ దుప్పటి ఇంతవరకు తను చూసినవాటిలోకెల్లా మంచి జాతకమని ఆమెకు అనిపించింది.

అప్పటికి బస్సు వేళైంది. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, సున్నం సర్ది, ఇంకో చేత్తో ఒక మట్టి ముంత పట్టుకుని వసారాలోకి వచ్చింది. పళ్ళెం రామప్ప ముందు పెట్టింది. పెద్దాయన చెయ్యి చాచబోయి, కొడుకు వంక చూసి, వెనక్కి తీసుకున్నాడు.

"వేసుకోప్పా," అంది లక్ష్మీనరసమ్మ, మట్టి ముంతను ఆయన పక్కన పెడుతూ. "రాత్రి ఊసుకునేదానికి ముంత పెట్టాల్సింది, మరిచిపోతిని. తప్పు మాది."

వెంకటేశప్ప ముఖం కందగడ్డ అయింది. రామప్ప తొడ కింది ఆకుల సంచి తీసి బయట పెట్టాడు.

"నేను చెప్పేస్తానంటే మావాడు వద్దన్యాడమ్మా," అన్నాడు. "ఇంటామె ఉన్నప్పుడు నిద్రలో తట్టి లేపి, ఊసిరా పో అనేది. ఆమె పోయినాక లేపేవాళ్ళు ల్యారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. నీ గుడ్డ చెడగొడితిని."

"గుడ్డదేముంది, ఉతికితే పోతుంది. మా ఇంటి పిల్ల వచ్చినాక లేపుతుంది లే," అంది లక్ష్మీనరసమ్మ. చెన్నరాయప్ప ఆ మాట విని బీడీ పారేశాడు. మునిరత్నమ్మ తలుపు చాటునుంచి వంటింట్లోకి పరుగెత్తిన చప్పుడు అందరికీ వినపడింది.

బస్సు హారన్ కొట్టింది. లేస్తున్న వెంకటేశప్పను ఆమె ఆపింది. "ఉండప్పా," అని వాడి జుట్టులోంచి గోనెనార పోగు తీసి పారేసింది. "మంచిగా ఉతికినావు. ఇంకోసారి మాత్రం గంజి నన్ను అడుగు."

ఆ తర్వాత వంటింట్లో మునిరత్నమ్మకు జరగాల్సింది జరిగింది. "అయిదేండ్లుగా నేర్పిస్తాండా గదే! అంబలికీ గంజికీ తేడా తెలీదా?" "చీకట్లో రెండు కుండలూ ఒకటే మాదిరి ఉండాయమ్మా." "కుండలు ఒకటే మాదిరి ఉండాయి సరే, నీ కండ్లు యాడుండాయి?" రాగి రంగు మూడు ఉతుకులకు వదిలింది. మజ్జిగతో రుద్దిన చోట మాత్రం మసక చాయ ఒకటి ఉండిపోయింది. లక్ష్మీనరసమ్మ దాన్ని పోగొట్టాలని పెద్దగా ప్రయత్నించలేదు.

మాఘంలో పెళ్ళి జరిగింది. అత్తగారింటికి పంపే పెట్టెలో చీరలన్నిటి పైన దుప్పటిని పెట్టింది తల్లి. ఊరంతా నోరెళ్ళబెట్టింది. ఇకమీదట పెళ్ళికొడుకుల గతేమిటని చౌడమ్మ బాహాటంగానే దిగులు పడింది. బండి కట్టేముందు మునిరత్నమ్మ పెట్టె తెరిచి, దుప్పటి బయటికి తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఏమే? వద్దా?"

"కావాల. ముందు నాయనను ఒక్క రాత్రి దీని మీద పడుకోనీయ్. ఊళ్ళో అందరివీ చదివినావు, ఆయనది చదవలేదు. అది చూసినాక పంపీయ్."

"ఆయన సంగతి నాకు తెలీదా? ఇరవై ఎనిమిదేండ్ల సంసారం."

"తెలిస్తే భయమెందుకు?" అని పిల్ల బండెక్కింది.

పిల్ల పోయిన ఇల్లు వారం రోజులు బోసిగా ఉంది. ఎనిమిదో రోజు లక్ష్మీనరసమ్మ లోపలి పట్టెమంచం మీద పరుపు వేసి, గంజి పెట్టి మడిచిన ఆ దుప్పటి పరిచింది. కాగితంలా ఫెళఫెళలాడింది. చెన్నరాయప్ప గుమ్మంలో నిలబడి దాని వంకా తన కాళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు. పెరట్లోకి పోయి రెండుసార్లు కాళ్ళు కడుక్కుని వచ్చాడు. ఆమె ఎప్పట్లాగే కింద చాప పరుచుకుంది.

పొద్దున ఆమె లేచేసరికి ఆయన పశువుల కొట్టంలో ఉన్నాడు. మంచం దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం నడుం మీద చేతులు పెట్టుకుని, చదవడానికి నిలబడింది.

మధ్య అతుకు గీత గీసినట్టు నేరుగా ఉంది. అతుకుకు గోడవైపు సగం నలిగి ఉంది. ఒక మనిషి ఒంటి పక్కకు ఒదిగి, కదలకుండా పడుకున్న నలుగుడు. ఇవతలి సగం మీద ఒక్క మడత లేదు. పెట్టిన గంజి పెట్టినట్టే ఉంది. చెయ్యి వేస్తే ఇంకా ఫెళఫెళమంటోంది. అంత వెడల్పు పరుపు మీద ఆ మనిషి రాత్రంతా గోడకు అంటుకుపోయి పడుకున్నాడు.

మట్టి అంటుతుందనే భయమైతే రెండు పక్కలా ఒకటే. ఆయన వదిలిపెట్టింది ఇవతలి పక్క. ఆమె చాప ఉన్న పక్క. రమ్మని అడగలేదు, ఎన్నడూ అడగలేదు. చోటు మాత్రం ఉంచాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరివాళ్ళ దుప్పట్లన్నీ చదివిన తనకు ఇంటి మగవాడి సంగతి ఒక్క అక్షరం తెలియలేదని లక్ష్మీనరసమ్మకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. కంబళి మీద ఆయన, చాప మీద తను, మధ్యలో పెట్టెలో భద్రంగా దుప్పటి. ఎంత జాగ్రత్తగా ఉతికి ఎంత తెలివితక్కువగా దాచుకుంది!

కొట్టంలోంచి చెన్నరాయప్ప కేక వేశాడు. "ఏమే! ఏమంటాంది నీ దుప్పటి? సంబంధం ఖాయమేనా?"

ఆమె కళ్ళు తుడుచుకుని, గొంతు సర్దుకుంది.

"చింతామణికి పోయినప్పుడు పిల్లకు వేరే దుప్పటి తీసుకురా," అంది. "ఇది పోదు. ఇది మనకు కావాల."

"సరేలే. గంగాళం బయట పెట్టేదా మరి? నీళ్ళు తెచ్చేదా?"

"వద్దు. ఈ పొద్దు ఉతకను," అని లక్ష్మీనరసమ్మ కింద పరిచిన చాప చుట్టి అటక మీదికి ఎక్కించేసింది.